వలసిన జాబు, వలదన్న జాబు

ఇంటి వాకిటికి వచ్చినవారిలో అతిథి యెవరో, వంచకు డెవడో గుర్తెఱుగుట గృహిణి నేర్వవలసిన విద్యలలో నొకటి. పూర్వ మీ విద్యకు కన్నులును చెవులును చాలియుండెను. ఇప్పుడు మన యిండ్లకు మఱియొక వాకిలి యేర్పడినది. చేతిలోని ఫోనునందలి ఈమెయిలు పెట్టెయే యా వాకిలి. దానికి రాత్రి లేదు, పగలు లేదు. తలుపు మూయుట యసలే లేదు. వచ్చు జాబుల నన్నిటిని మనమే పరీక్షించుట శక్యము గాదు గనుక అచట నొక యంత్రమును కావలి యుంచినారు. ఆ కావలివాడు తనకు మంచివని తోచినవానిని లోనికి విడుచును. చెడ్డవని తోచినవానిని స్పాము అను చీకటికొట్టులో పడవేయును. వాని తీర్పు తప్పినయెడల నేమగునో మా యింట జరిగిన సంగతిని చెప్పి, పిదప వాడు తీర్పు చెప్పు విధమును మేము తెలిసికొన్నంతవఱకు సోదరీమణులకు విన్నవింతుము.

మావారు బడిపంతులు. మా ఆడబిడ్డ కూతురు తండ్రి పోయిననాటినుండి మాయొద్దనే చదువుకొనుచున్నది. గత సంవత్సరము ఇంటర్మీడియెట్టు ముగించి, ఒక విద్యాలయమున నర్సింగు చదువునకు దరఖాస్తు పెట్టినది. భోజనవసతులు ఉచితముగా దొరకు స్థానములు అచట కొన్ని కలవు. పిల్లకు మార్కులు బాగుగనే వచ్చినవి. నేడో రేపో పిలుపు వచ్చునని యెదురుచూచితిమి. ఇరువది దినములు గడచినను జాబు రాలేదు. ఒకనాడు మావారు మఱేదో కాగితము కొఱకు వెదకుచు చీకటికొట్టును తెఱచిరి. పిలుపు అందున్నది. అసలు ధ్రువపత్రములతో ఫలానా తేదీలోగా రావలెనని అందు వ్రాసియున్నది. ఆ తేదీ దాటి అప్పటికి నాలుగు దినములు. పరుగున పోయి యడుగగా, "జాబు పంపితిమి, అందినట్లు మా లెక్కలో నున్నది, మీ స్థానము తరువాతివారికి పోయినది" అని కార్యాలయమువారు చెప్పిరి. వారన్నది అసత్యము గాదు. చీకటికొట్టులో పడిన జాబును గూడ పంపినవాని లెక్క అందినట్లే చూపును.

చిత్రమేమనగా, ఆ దినముననే బ్యాంకు పేరు పెట్టుకొని, మీ ఖాతా నిలిచిపోవును, వెంటనే రహస్యసంఖ్య తెలుపుడని బెదరించు దొంగజాబు ముందరి పెట్టెలో దర్జాగా కూర్చుండియున్నది. దొంగకు పీట వేసి, చుట్టమును గెంటివేసిన ట్లయినది. ఆ యంత్ర మట్లేల చేసెనని మావారిని ప్రశ్నలతో వేధించి, వారు తెచ్చిన పుస్తకములను చదివించుకొని, కొంత తెలిసికొంటిమి.

ముందుగా స్పాము అన నేమి? 1937లో అమెరికాయందలి హార్మెల్ కంపెనీవారు డబ్బాలలో పెట్టి యమ్మిన పందిమాంసమునకు ఆ పేరు పెట్టిరి. 1970లో ఇంగ్లాండునందలి మాంటీ పైథాన్ అను హాస్యబృందమువారు ఒక ప్రహసనమున మాటిమాటికి ఆ పేరే పలికి నవ్వించిరి. వలదన్నను అదే వస్తువును పదేపదే ముందు పెట్టుట యను నర్థము తరువాత దానికి పట్టినది. ఇట్టి జాబులలో మొదటిదిగా చెప్పబడునది 1978 మే 3వ తేదీన పోయినది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషను ఉద్యోగియగు గారీ థ్యుర్క్ తన కంపెనీ కంప్యూటర్లను గూర్చిన ప్రకటనను ఆర్పానెట్టు అను నాటి యంత్రజాలమునందు ఇంచుమించు 400 మందికి ఒక్కమాఱే పంపెను. చదివినవారు మండిపడిరి. అయినను కొందఱు కొనకపోలేదు. ఆ కొందఱున్నందుననే ఈ వ్యాపారము నేటివఱకు చావలేదు.

ఒకే జాబు వేలమందికి పోయినంతమాత్రమున అది స్పాము గాదు. ఇక్కడనే చిక్కంతయు నున్నది. ఒక ముద్రణాలయమున ఒకేనాడు అయిదువందల పెండ్లి శుభలేఖలును, అయిదువందల మందుల కరపత్రములును అచ్చయిన వనుకొందము. కాగిత మొకటే, సిరా యొకటే, సంఖ్య యొకటే. శుభలేఖను పసుపు పూసి దేవునియొద్ద నుంతుము. కరపత్రమును పొట్లము కట్టుటకు వాడుదుము. భేదము కాగితమున లేదు. మనకు దానితో గల సంబంధమున నున్నది. విద్యుత్తు బిల్లు, రైలు టిక్కెట్టు, పిల్లల బడి ప్రకటన, మనము చందా కట్టిన పత్రిక, ఇవి యన్నియు మూకుమ్మడి జాబులే. కాని మనము కోరినవి. కోరనిదియు, మూకుమ్మడిగా వచ్చినదియు నగు జాబే స్పాము. ఈ రెండు లక్షణములును కూడవలెను. రెండవ లక్షణమును యంత్రము లెక్కపెట్టగలదు. మొదటిది మన మనస్సులో నున్నది; దానిని యంత్ర మెట్లు చూడగలదు?

బియ్యము బాగుచేయుట మన మందఱ మెఱిగిన పని. పొట్టు పోవుటకు చెరుగుదుము. నూక విడదీయుటకు జల్లింతుము. మట్టిబెడ్డలను చేత నేరుదుము. బియ్యపుగింజ వలెనే కనబడు రాతిపలుకును నీటిలో గాలించి తీయుదుము. ఒక్క చేటతో అన్నియు పోవు. జాబుల విషయమునను అట్లే నాలుగు విధములైన పరీక్షలు కలవు.

మొదటిది మాటల పరీక్ష. థామస్ బేయిస్ అను ఆంగ్లేయ మతాచార్యుడు 1761లో మరణించెను. కన్నదానినిబట్టి కాననిదాని సంభావ్యతను లెక్కకట్టుటకు ఆతడు వ్రాసిన గణితవ్యాసము 1763లో అచ్చయినది. 1998లో కొందఱు పరిశోధకు లా గణితమును చెత్తజాబుల నేరుటకు వాడిచూచిరి; 2002లో పాల్ గ్రాహమ్ అను నాతడు దానిని గూర్చి వ్రాసిన వ్యాసముతో అది లోకమున వ్యాపించినది. విధానము కష్టమైనది కాదు. ఒక మాట నూఱు చెడ్డజాబులలో 40 యందును, నూఱు మంచిజాబులలో 2 యందును కనబడిన దనుకొందము. ఆ మాట గల క్రొత్తజాబు చెడ్డదగుటకు 42లో 40 పాళ్లు, అనగా నూటికి 95 వంతుల యవకాశ మున్నది. ఇట్లు జాబులోని ముఖ్యమైన మాటల లెక్కల నన్నిటిని కలిపి తీర్పు చెప్పుదురు. చెడ్డజాబు లోనికి వచ్చుటకంటె మంచిజాబు బయట పడుట ఎక్కువ నష్టమని గ్రాహమ్ తలచి, మంచిజాబులలో కనబడిన సంఖ్యను రెట్టింపు చేసి లెక్కించెను. అప్పుడు పై మాటకు 44లో 40 పాళ్లు, అనగా 91 వంతులకు దిగును. కావలివాడు సందేహము వచ్చినచోట చుట్టమువైపే మొగ్గవలెనను నీతి యిందున్నది. ఇది మాకు మిక్కిలి నచ్చినది.

కాని కోరిన మూకుమ్మడి జాబు ఈ పరీక్షలోనే తఱచుగా తప్పును. మా పిల్లకు వచ్చిన పిలుపును మరల చదివి చూచితిమి. "ఉచితము", "అభినందనలు", "ఎంపికైతిరి", "గడువు", "వెంటనే ఇక్కడ నొక్కుడు". ఒక్కొక్క మాటయు నిజమే. లాటరీ దొంగ వాడు మాటలును ఇవియే! రావణుడు సన్యాసి వేషముననే వచ్చెను గాని రాక్షసవేషమున రాలేదు గదా. దొంగ పెద్దమనిషి భాష నేర్చినపిమ్మట, భాషనుబట్టి పెద్దమనిషిని పోల్చుట కష్టము.

రెండవది లెక్క పరీక్ష. ప్రతి జాబునుండి వ్రేలిముద్రవంటి యొక సంఖ్యను పిండి, ఆ ముద్ర యెన్ని చోట్ల కనబడినదో అనేక కంప్యూటర్లు కూడబలుకుకొనును. పేరును రెండు మాటలను మార్చినను ముద్ర మారకుండునట్లు ఉపాయములు కలవు. డీసీసీ యను పద్ధతి యిట్టిదే. ఇది జాబు మూకుమ్మడిదని నిశ్చయముగ చెప్పును, అంతటితో ఊరకుండును. శుభలేఖలు అయిదువందలు, కరపత్రములు అయిదువందలు. అందువలన ఈ పద్ధతి ననుసరించువారు తాము కోరిన మూకుమ్మడి జాబుల పట్టికను తామే వ్రాసియుంచవలెను. జల్లెడకు నూకయు రాయియు నొక్కటే. నూకలు వలయునన్న మన చేతితోనే తీసి పెట్టవలెను.

మూడవది ముద్రిక పరీక్ష. అశోకవనమున సీతాదేవి హనుమంతుని చూచి, ఇదియు రావణుని మాయయేమోయని శంకించినది. రామకథ చెప్పి, రామనామాంకితమైన యుంగరము నిచ్చినమీదట గాని యామెకు నమ్మకము కుదురలేదు. ఈమెయిలునకు మొదట నిట్టి యుంగరము లేకుండెను. ఎవడైనను ఎవరి పేరైనను పెట్టి జాబు వ్రాయవచ్చును. ఈ లోపమును తీర్చుటకు మూడు ఏర్పాట్లు వచ్చినవి. యస్‌పీయఫ్ వలన, తన పేర జాబులు మోయుట కధికారము గల యంత్రము లేవో సంస్థ ముందుగా చాటియుంచును. 2007లో వచ్చిన డీకిమ్ వలన, జాబుపై గూఢలిపితో సంతకము పడును; త్రోవలో నొక అక్షరము మార్చినను ఆ సంతకము చెడును. డీమార్క్ వలన, తన పేర వచ్చిన జాబు ఈ రెండిటిలో నేదియు నిలువనియెడల నేమి చేయవలెనో ఆ సంస్థయే చెప్పియుంచును.

ముద్రిక గొప్పదే, కాని దానికిని రెండు కొదువలు కలవు. శకుంతల కథ మీ రెఱుగుదురు. ఉంగరము నీటిలో జారిపోగా, ధర్మపత్నియే వాకిట నిలిచినను దుష్యంతుడు గుర్తింపలేదు. ఒకరికి వచ్చిన జాబును మఱియొక చిరునామాకు మళ్లించినప్పుడు మొదటి యేర్పాటు విఫలమగును; దారిలోని సంఘమువారు జాబు క్రింద నొక వాక్యము చేర్చినచో సంతకము చెడును. నిజమైన జాబే ముద్రిక లేని శకుంతల యగును. రెండవ కొదువ యేమన, ముద్రిక పంపినవా డెవడో చెప్పును గాని, వాడు మనకు వలసినవాడో కాదో చెప్పదు. స్పాము పంపువాడును తన సొంత పేరుతో నొక యుంగరము చేయించుకొనగలడు.

నాలుగవది లోకుల నడవడి పరీక్ష. నేడు పెద్ద కంపెనీల యంత్రములు దీనిని మిక్కిలి యాధారముగ గొనుచున్నవి. పంపినవాని జాబులను జనులు తెఱచుచున్నారా, చదువకయే పాఱవేయుచున్నారా, ప్రత్యుత్తరము లిచ్చుచున్నారా, స్పాము అని గుఱుతు పెట్టుచున్నారా యని చూచి, వానికి మంచిపేరో చెడ్డపేరో కట్టును. గూగులువారును యాహూవారును 2023లో ప్రకటించి 2024లో అమలునకు తెచ్చిన నిబంధనలలో దీనికొక హద్దు పెట్టిరి. స్పాము అను ఫిర్యాదులు వేయి జాబులకు మూడింటికి చేరరాదు. అనగా వేయిమంది స్త్రీలలో ముగ్గురు తొందరపడి నొక్కిరేని, తక్కిన 997 మంది యెదురుచూచు జాబునకు ముప్పు రావచ్చును.

ఇక్కడ మా తప్పు నొకదానిని ఒప్పుకొనవలసియున్నది. దరఖాస్తు పెట్టిననాటినుండి ఆ విద్యాలయమువారు దినమునకు రెండేసి జాబులు పంపుచుండిరి. మా భవనములు చూడుడు, మా వార్షికోత్సవము చూడుడు, మీ మిత్రులకు చెప్పుడు అని. పొయ్యిమీద కూర నుంచి, ఫోను మ్రోగినప్పుడెల్ల చేయి తుడుచుకొని వచ్చి చూచి విసిగితిమి. ఒకనాడు ఆ జాబుపై స్పాము గుఱుతు నొక్కితిమి. మఱునాడు మరల నొక్కితిమి. ఆపైన ఆ జాబులు కనబడుట మానినవి. పీడ వదలినదని సంతసించితిమి. పిలుపు గూడ ఆ చిరునామానుండియే వచ్చినది. యంత్రము మామాట జవదాటలేదు. పిల్ల కీ సంగతి చెప్పుటకు మాకు మూడు దినములు పట్టినది. అది తల వంచుకొని, "పోనీలే, అత్తయ్యా" అన్నది. తిట్టినను అంత బాధ యుండెడిది కాదు.

అయితే పంపినవారి తప్పు లేదా? ఉన్నది. ప్రకటనల కొక చిరునామా, ముఖ్యమైన పిలుపుల కొక చిరునామా వేఱుగా నుంచుట పంపువారి ధర్మము. డప్పు కొట్టువాని చేతనే శుభలేఖ పంపిన, వినువాడు తలుపు మూసికొనుట సహజము. అంతకంటె ముఖ్యముగ, పిలుపును ఈమెయిలున మాత్రమే పంపి, ఫోనున నొక్కమాట చెప్పకుండుట, బీదపిల్లల విషయమున నిర్దయ యనక తప్పదు.

ఈ నాలుగు పరీక్షలకును ఆవల నున్నది సమ్మతి. దేశముల చట్టములును దీనిని గూర్చి రెండు త్రోవలు త్రొక్కినవి. అమెరికావారు 2003లో చేసిన చట్టము ప్రకారము, వద్దనువఱకు పంపవచ్చును. వద్దన్న పిదప పది పనిదినములలో మానవలెను. ఐరోపావారి 2002 నాటి శాసనము ప్రకారము, పాతకొనుగోలుదారుల విషయము తప్ప, రమ్మన్నగాని ప్రకటన పంపరాదు. ఒకటి వాకిట నిలిచిన బైరాగిని పొమ్మను ధర్మము. రెండవది పిలిచిన పేరంటమునకే పోవు ధర్మము. మన ఫోనులకు వచ్చు చిన్న సందేశముల విషయమున ట్రాయి సంస్థవారు 2018లో నిబంధనలు చేసి, మూకుమ్మడిగా పంపువారు పేరు నమోదు చేయించుకొనవలెనని విధించిరి. 2025లో వానిని సవరించి, పంపువారి పేరు చివర నొక ఇంగ్లీషు అక్షరము చేర్పించిరి. ప్రకటనకు ‘పి’, సేవకు ‘ఎస్’, లావాదేవీకి ‘టి’, ప్రభుత్వమునకు ‘జి’. ఈమెయిలునకు ఇట్టి బొట్టు లేదు. అందుచేత గూగులు, యాహూవారి నిబంధనలు చేసిన మేలు గుర్తింపదగినది. దినమునకు 5000 మించి గూగులు పెట్టెలకు జాబులు పంపువారు ముద్రిక యేర్పాట్లు మూడును చేసికొనవలెను. ప్రకటన జాబులయందు ఒక్క నొక్కుతో చందా మానుకొను మార్గ ముంచవలెను. మానినవారి కోరికను రెండు దినములలో చెల్లింపవలెను.

అనుభవముచే మేము నేర్చినవానిని చెప్పి విరమింతుము. ఒకటి: మనమే కోరి, ఇప్పుడు వద్దనుకొన్న జాబునకు స్పాము గుఱుతు పెట్టరాదు, చందా మానుకొను మార్గమునే వాడవలెను. రెండు: ఎన్నడు నెఱుగనివాడు పంపిన జాబునందలి ఆ మార్గమును నొక్కరాదు, మనము చదువుచున్నామని వానికి తెలిసిపోవును. దానికి స్పాము గుఱుతే తగినది. మూడు: పిల్లలకొఱకు దరఖాస్తు పెట్టిననాడే ఆ విద్యాలయపు చిరునామాను మన చిరునామాల పట్టికలో చేర్చవలెను. నాలుగు: చీకటికొట్టును వారమున కొకసారియైన చూడవలెను. పేర్లు చదువవలెను గాని, అనుమానమున్న జాబులోని దేనిని నొక్కరాదు. అందలి జాబులను జీమెయిలువారు 30 దినములకు తుడిచివేయుదురు. అయిదు: మంచిజాబు అందు కనబడినచో, చదివి యూరకుండక, ఇది స్పాము కాదని గుఱుతు పెట్టవలెను. యంత్రమునకు మన మనసు తెలియు మార్గములలో నదియొకటి.

పిల్ల యీ సంవత్సరము మరల దరఖాస్తు పెట్టినది. నడుమనున్న యేడు ఊరక పోనీయక, మా వీధిలోని పసిపిల్లలకు సాయంకాలము పాఠములు చెప్పుచున్నది. పిలుపు ఇంకను రాలేదు. ప్రతిదినము దీపము పెట్టిన పిమ్మట అదియు మేమును కూర్చుండి, ముందరి పెట్టెను, వెనుక చీకటికొట్టును తెఱచి చూచుకొనుచున్నాము. రెండు నిమిషముల పని. ఆ రెండు నిమిషములు గత సంవత్సరము మేము వెచ్చింపలేదు.